పాత ఎక్స్‌పీ హార్డ్ డిస్క్‌లో నా ఫోల్డర్ "యాక్సెస్ డినైడ్" అంటోంది. పాటల ఫైళ్ళు బయటికి తీయడం ఎలా?

పల్నాటి పంతులమ్మ:

నమస్కారం. ఉండేది నరసరావుపేటలో. తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. కంప్యూటర్ సంగతులు లోతుగా తెలియవు కానీ చెప్పింది చెప్పినట్టు చేయగలను. కాబట్టి "ఎవరైనా తెలిసినవాళ్ళకి చూపించండి" అని మాత్రం అనకండి. చూపించాను. ఏం జరిగిందో కింద రాస్తున్నాను.

2004లో ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నాను. పెంటియం 4, 40 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ ఎక్స్‌పీ. ఆ రోజుల్లో సెలవులొస్తే వినుకొండ, కారంపూడి, మాచర్ల వైపు ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళు పాడే పాటలు సేకరించేదాన్ని. నాట్ల పాటలు, తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు, పెళ్ళిలో వియ్యపురాలిని ఏడిపించే పాటలు. టేప్ రికార్డర్‌లో ఎక్కించుకొచ్చి, ఇంట్లో ఒక్కో చరణం ఆపి ఆపి వింటూ వర్డ్‌లో టైప్ చేసేదాన్ని. ఇప్పుడు ఆ క్యాసెట్లకు బూజు పట్టింది, టేపు ఒకదానికొకటి అతుక్కుపోయింది. పాడినవాళ్ళలో చాలామంది లేరు. అంటే మిగిలింది ఈ డిస్క్ ఒక్కటే.

కంప్యూటర్ ఏనాడో ఆన్ అవడం మానేసింది. మదర్‌బోర్డు పోయిందన్నారు. అటక మీద పెట్టేశాం. మొన్న గుంటూరులో ఒక షాపుకి పట్టుకెళితే వాళ్ళు డిస్క్ ఊడదీసి వాళ్ళ కంప్యూటర్‌కి తగిలించారు. డిస్క్ కనిపించింది. డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ లోపల నా పేరుతో ఫోల్డర్ కూడా ఉంది. దాన్ని నొక్కితే మాత్రం యాక్సెస్ డినైడ్. అక్కడి అబ్బాయి "మొత్తం ఎన్‌క్రిప్ట్ అయిపోయింది మేడమ్, ల్యాబ్‌కి పంపాలి, పాతిక వేలవుతుంది, గ్యారంటీ ఇవ్వలేం" అన్నాడు. గ్యారంటీ లేనిదానికి పాతిక వేలేమిటని డిస్క్‌ని సంచిలో వేసుకుని బస్సెక్కాను.

ఒక విషయం చెప్పాలి. అప్పట్లో పిల్లలు ట్యూషన్‌కి వచ్చి కంప్యూటర్ మీద ఆటలాడుతున్నారని మా అక్క కొడుకు దానికి పాస్‌వర్డ్ పెట్టాడు. "నీ ఫైళ్ళు ఎవరికీ కనపడకుండా చేశాను పిన్నీ" అన్నాడు. వాడిప్పుడు షికాగోలో ఉన్నాడు. అడిగితే "ఇరవై ఏళ్ళ నాటిది, ఏం చేశానో నాకేం గుర్తు పిన్నీ" అంటున్నాడు. పాస్‌వర్డ్ నాకూ సరిగ్గా గుర్తు లేదు.

ఆ అబ్బాయి చెప్పింది నిజమేనా? పాటలు వస్తాయా, రావా?

చీరాల కుర్రోడు:

మేడమ్ టెన్షన్ పడకండి. రికవరీ సాఫ్ట్‌వేర్లు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి. ఒకదాని క్రాక్ వెర్షన్ నా దగ్గరుంది, లింక్ పెట్టనా? లేకపోతే ఆ డిస్క్ మీదే విండోస్ కొత్తగా ఎక్కించేయండి, పాత పర్మిషన్లన్నీ ఎగిరిపోతాయి.

సీటీసీ పాత మెకానిక్:

తమ్ముడూ, ఆ లింకు నీ దగ్గరే ఉంచుకో. మేడమ్, ఆ డిస్క్ మీద విండోస్ మాత్రం ఎక్కించకండి. రికవరీ సాఫ్ట్‌వేర్ అనేది డిలీట్ అయిన ఫైళ్ళ కోసం. మీ ఫైళ్ళు డిలీట్ కాలేదు, ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. పైగా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌లో ఏముంటుందో ఎవడికీ తెలియదు. మీ పాటలు తీయడానికి పోయి మీ బ్యాంక్ ఖాతా తెరిచి పెట్టినట్టవుతుంది.

నేను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో చాలా ఏళ్ళు రిపేర్ షాపు నడిపాను. మీలాంటి డిస్కులు చాలా వచ్చేవి. "లాక్ అయింది" అని పట్టుకొచ్చిన వాటిలో ఎక్కువ భాగం అసలు లాక్ కానివే. ఆ షాపు అబ్బాయి రెండు వేరు వేరు సంగతుల్ని కలిపేశాడు. తెలియక కలిపాడో, తెలిసే కలిపాడో నేను చెప్పలేను.

మొదటిది పర్మిషన్. ఎక్స్‌పీలో మనం మొదటిసారి పాస్‌వర్డ్ పెట్టుకున్నప్పుడు "మీ ఫైళ్ళను ప్రైవేట్ చేయమంటారా" అని అడిగేది. అవునంటే మీ ఫోల్డర్ మీద మీ అకౌంట్‌కి తప్ప మామూలు యూజర్లెవరికీ హక్కు లేదని రాసుకునేది. రాసుకునేది మీ పేరు కాదు, ఎస్ 1 5 21 అని మొదలయ్యే ఒక పొడుగాటి నంబర్. అది ఆ పాత విండోస్ ఇన్‌స్టలేషన్‌కి చెందిన నంబర్. డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెడితే దానికి ఆ నంబర్ ఎవరిదో తెలియదు. అందుకే యాక్సెస్ డినైడ్. మన వైపు తాతగారి పేరు మీదున్న పొలం లాంటిదే ఇది. పొలం ఎక్కడికీ పోలేదు, పాస్‌బుక్‌లో పేరు మార్పించుకోవాలి, అంతే. ఫైల్ లోపల ఉన్న అక్షరం మారదు. పైసా ఖర్చు లేదు.

రెండోది నిజమైన తాళం. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కితే "ఎన్‌క్రిప్ట్ కంటెంట్స్ టు సెక్యూర్ డేటా" అని ఒక టిక్ ఉండేది. అది పెడితే ఫైల్ లోపలి అక్షరాలే మారిపోతాయి. దీన్ని ఈఎఫ్‌ఎస్ అంటారు. హోమ్ ఎడిషన్‌లో ఈ సౌకర్యం లేదు. అయితే ఆ రోజుల్లో అసెంబుల్డ్ సిస్టంలో హోమ్ ఎడిషన్ ఎక్కించిన షాపును నేను చూడలేదు లెండి. అందరికీ ప్రొఫెషనలే, డబ్బులు కట్టింది ఎంతమందో భగవంతుడికి తెలియాలి.

మీ అక్క కొడుకు మొదటిది చేశాడా, రెండోది చేశాడా అనేది చూస్తే గాని చెప్పలేం. చూసే ముందు డిస్క్ సంగతి చూసుకోవాలి. ఇరవై ఏళ్ళ డిస్క్, అటక మీద ఎండకీ తేమకీ పడి ఉంది. మళ్ళీ మళ్ళీ తిరగడానికి దానికి ఎంత ఓపిక ఉందో మనకు తెలియదు. అందుకే నా లెక్కలో మొదటి పని తాళం తీయడం కాదు, డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఇంకో చోటికి కాపీ కొట్టడం. ఆ తర్వాత ఆటలన్నీ కాపీ మీదే.

2004 డిస్క్ కాబట్టి వెనకాల వెడల్పాటి 40 పిన్నుల కనెక్టర్ ఉంటుంది, ఐడీఈ అంటాం. యూఎస్‌బీ టు ఐడీఈ కన్వర్టర్ అని దొరుకుతుంది. విడిగా పవర్ అడాప్టర్ ఉన్నదే కొనండి. ఈ పెద్ద డిస్కులకు 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ 5 వోల్టులే ఇస్తుంది. అడాప్టర్ లేనిది కొంటే డిస్క్ తిరగదు, మీరేమో డిస్క్ చచ్చిపోయిందనుకుంటారు. కనెక్టర్ పక్కన చిన్న ప్లాస్టిక్ జంపర్ ఉంటుంది. డిస్క్ మీద అంటించిన లేబుల్ చూసి దాన్ని మాస్టర్ దగ్గర పెట్టండి. స్లేవ్‌లో ఉంటే చాలా కన్వర్టర్లు గుర్తుపట్టవు.

పవర్ ఇచ్చాక చెవి పెట్టి వినండి. సన్నగా, ఒకే తీరుగా తిరిగే చప్పుడైతే మంచిది. టక్ టక్ మని కొట్టుకుంటుంటే వెంటనే పవర్ తీసేయండి, ఇంక మళ్ళీ పెట్టకండి. అప్పుడు మాత్రం ల్యాబ్ మాట ఆలోచించాలి. గుంటూరులో కనపడింది కాబట్టి మీది బాగానే ఉండి ఉంటుంది.

విండోస్‌కి తగిలించగానే "ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలి" అనో "స్కాన్ చేసి సరిచేయమంటారా" అనో అడగొచ్చు. రెండిటికీ వద్దనే చెప్పాలి. "కంటిన్యూ నొక్కితే ఈ ఫోల్డర్‌కి శాశ్వతంగా హక్కు వస్తుంది" అని అడిగినా ఇప్పుడే నొక్కకండి. అది పాత డిస్క్ మీద రాతలు మొదలుపెడుతుంది. చెడిపోతున్న డిస్క్ మీద చెక్‌డిస్క్, అంటే ఆ స్కాన్ చేసి సరిచేసే ప్రోగ్రామ్, నడిపి ఉన్నది కూడా పోగొట్టుకున్నవాళ్ళను నేను చూశాను.

కాపీకి మా వాళ్ళందరూ వాడేది జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఉచితం. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ బదులు నడిచే ఉచిత లైనక్స్ సిస్టం) ఎక్కించి, దాంతో కంప్యూటర్ ఆన్ చేసి నడపాలి. చదవగలిగిన భాగాలన్నీ ముందు చదివేసి, మొండికేసిన చోట్లను చివరికి వదిలేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ మొదటి నుంచి చేయక్కర్లేదు. కమాండ్ ఇక్కడ రాస్తే మీరు కొట్టేటప్పుడు తప్పు పోతుంది, దాని మాన్యువల్‌లో ఉన్న ఉదాహరణ చాలు. ఒకే ఒక్క జాగ్రత్త: ముందు పాత డిస్క్ పేరు, తర్వాత కాపీ పేరు. తిరగేసి కొడితే ఖాళీ డిస్క్ వచ్చి మీ పాటల మీద పడుతుంది. పక్కన కంప్యూటర్ చదివే పిల్లలెవరైనా ఉంటే కూర్చోబెట్టుకోండి.

పల్నాటి పంతులమ్మ:

మెకానిక్ గారూ, మీరు పాఠం చెప్పే పద్ధతి నాకు నచ్చింది. మా కింద వాటాలో ఉన్నవాళ్ళమ్మాయి బీటెక్ మూడో ఏడు. కమాండ్లు తను కొడుతుంది, డిస్క్ పేర్లు నేను రెండుసార్లు చదివి సరిచూస్తాను. పరీక్ష పేపర్ల మార్కులు అలాగే కూడేదాన్ని.

ఒక సందేహం. కాపీ అయ్యాక ఇది మొదటి రకమా, రెండో రకమా అని తెలుసుకునేదెలా?

సీటీసీ పాత మెకానిక్:

ఆ ఉబుంటులోనే తెలిసిపోతుంది అమ్మా. లైనక్స్ ఆ విండోస్ పర్మిషన్ నంబర్లను మామూలుగా పట్టించుకోదు. కాపీని తెరిచి మీ ఫోల్డర్‌లోకి వెళ్ళండి. ఫైళ్ళు మామూలుగా తెరుచుకుంటే అది మొదటి రకం. అక్కడే అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి లాగేయండి, పని అయిపోయింది. లైనక్స్ కూడా అనుమతి లేదు అంటే అది రెండో రకం, నిజం తాళం.

విండోస్‌లోనే చేయాలనుకుంటే కాపీని ఇంకో డిస్క్ మీదకి దించి, ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. పైన ఓనర్ దగ్గర ఆ పొడుగు నంబరో, ఓనర్‌ని చూపించలేకపోతున్నాననో ఉంటుంది. పక్కన ఛేంజ్ నొక్కి మీ ఇప్పటి యూజర్ పేరు ఇవ్వండి. కింద "రీప్లేస్ ఓనర్ ఆన్ సబ్‌కంటైనర్స్" అనే దాని ముందు టిక్ పెట్టడం మరవద్దు. అది పెట్టకపోతే పై ఫోల్డర్ ఒక్కటే మీదవుతుంది, లోపలివన్నీ మళ్ళీ మొరాయిస్తాయి. ఓకే కొట్టి, విండో మూసి మళ్ళీ తెరిచి, మీ పేరుకి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి.

పల్నాటి పంతులమ్మ:

కాపీ అయింది. ఒక్క చోట కూడా మొండికేయలేదు. మా బీటెక్ అమ్మాయి "మీ డిస్క్ నాకంటే పెద్దది ఆంటీ, అయినా ఆరోగ్యంగా ఉంది" అంటోంది.

ఇప్పుడు ఫలితం. ఉబుంటులో నా ఫోల్డర్ తెరుచుకుంది! ఫోటోలు వచ్చాయి. కాలేజీ ప్రశ్నపత్రాలు వచ్చాయి. ఎవరికీ అక్కర్లేని సెమినార్ ఉపన్యాసాలన్నీ వచ్చాయి. "పాటలు" అని ఉన్న ఫోల్డర్‌లో ఫైళ్ళ పేర్లు కనిపిస్తున్నాయి, నొక్కితే అనుమతి లేదు. విండోస్‌లో పెట్టి చూస్తే ఆ ఫైళ్ళ బొమ్మల మీద చిన్న తాళం గుర్తు ఉంది. అంటే మావాడు ఇల్లంతా వదిలేసి పాటలకి మాత్రం ఇనుప తాళం వేశాడన్నమాట. వాడికి ఫోన్ చేసి చెప్పాను. "సెక్యూరిటీ మంచిదే కదా పిన్నీ" అంటున్నాడు.

ఓనర్ మార్చినా ఏమీ కాలేదు. ఇప్పుడేమిటి దారి?

రాత్రి షిఫ్ట్:

నమస్తే మేడమ్. బెంగళూరులో సెక్యూరిటీ టీంలో పని చేస్తాను. ఈఎఫ్‌ఎస్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఏది ముట్టుకోకూడదో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఒక్కో ఫైల్‌కి విండోస్ ఒక్కో తాళంచెవి తయారు చేసి దాంతో ఫైల్‌ని కలగాపులగం చేస్తుంది. ఎక్స్‌పీ మొదట వచ్చినప్పుడు డెస్‌ఎక్స్ అనే పద్ధతి వాడేవారు, సర్వీస్ ప్యాక్ 1 నుంచి ఏఈఎస్ 256. దాన్ని నేరుగా పగలగొట్టే ఆలోచన ఎవరూ పెట్టుకోకూడదు. ఆ ల్యాబ్ వాళ్ళయినా అంతే. ఆ చిన్న తాళంచెవిని మీ యూజర్ అకౌంట్‌కి చెందిన పెద్ద తాళంచెవితో మూసి ఫైల్ పక్కనే దాస్తుంది. ఆ పెద్ద తాళంచెవి మీ ప్రొఫైల్ లోపలే ఉంటుంది: అప్లికేషన్ డేటా, దాని లోపల మైక్రోసాఫ్ట్, దాని లోపల క్రిప్టో, ప్రొటెక్ట్, సిస్టమ్ సర్టిఫికెట్స్ అనే ఫోల్డర్లు. ఈ పెద్ద తాళంచెవిని చివరికి కాపాడేది మీ లాగిన్ పాస్‌వర్డ్.

అందుకే మెకానిక్ అన్న ముందే విండోస్ ఎక్కించొద్దన్నాడు. కొత్త విండోస్ ఎక్కిస్తూ పాత ప్రొఫైల్‌ని తుడిచేస్తే తాళంచెవి పోతుంది, పాటల ఫైళ్ళు మాత్రం భద్రంగా ఉండి ఎప్పటికీ తెరుచుకోవు. అసలు అక్కరకు రానివి అనుకునే ఫోల్డర్లలోనే ప్రాణం ఉంది. మీ కాపీలో అవి ఉన్నాయి కాబట్టి మీకు కావలసింది ఇప్పుడు పాస్‌వర్డ్ ఒక్కటే.

బూట్ సీడీలతో పాస్‌వర్డ్ తీసేసే ట్రిక్ చాలామంది చెప్తారు. అది లాగిన్ తెర దాటడానికే పనికొస్తుంది. తాళంచెవి పాత పాస్‌వర్డ్‌తోనే మూసి ఉంటుంది, దానికి ఈ రీసెట్‌తో సంబంధం లేదు. ఆ రోజు వాడిన పాస్‌వర్డే కావాలి.

గుర్తు లేదన్నారు కదా. ఎక్స్‌పీలో పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు హింట్ కూడా రాసుకోమని అడిగేది. రాసి ఉంటే అది మామూలు అక్షరాల్లోనే రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోట, ఉంటుంది. కాపీలోంచి విండోస్, సిస్టమ్ 32, కాన్ఫిగ్ అనే ఫోల్డర్‌లో "సాఫ్ట్‌వేర్" అనే ఫైల్‌ని డెస్క్‌టాప్ మీదకి తెచ్చుకోండి. దానికి చివర ఎక్స్‌టెన్షన్ ఉండదు, కంగారు పడకండి. రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషీన్ అనే కొమ్మ మీద నిలబడి, ఫైల్ మెనూలో లోడ్ హైవ్ అని ఇచ్చి దాన్ని తెరవండి. మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, హింట్స్. అక్కడ మీ యూజర్ పేరు కింద ఉంటుంది.

హింట్ లేకపోయినా దారి ఉంది. ఎక్స్‌పీ అప్రమేయంగా 14 అక్షరాల లోపు పాస్‌వర్డ్‌ని ఎల్‌ఎం అనే పాత పద్ధతిలో కూడా దాచుకునేది. ఏడేసి అక్షరాల రెండు ముక్కలుగా కోసి, చిన్న అక్షరాలన్నీ పెద్దవి చేసి. అంత బలహీనమైన పద్ధతి కాబట్టే విస్టా నుంచి దాన్ని ఆపేశారు. ఆఫ్‌క్రాక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌కి అదే కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని శామ్, సిస్టమ్ ఫైళ్ళు ఇస్తే మామూలు పాస్‌వర్డ్‌లు చాలావరకు దొరుకుతాయి. మీ సొంత డిస్క్ కాబట్టి చెప్తున్నాను. ఎవరిదో డిస్క్ పట్టుకొచ్చి ఇదే అడిగితే నేను జవాబివ్వను.

పాస్‌వర్డ్ దొరికాక ఎల్‌కామ్‌సాఫ్ట్ వాళ్ళ ఈఎఫ్‌ఎస్ రికవరీ సాఫ్ట్‌వేర్ వాడితే కాపీ మీదే పని అయిపోతుంది. డబ్బులు పెట్టి కొనాలి.

దయచేసి పాస్‌వర్డ్ ఇక్కడ రాయకండి.

సీటీసీ పాత మెకానిక్:

తమ్ముడు చెప్పిందంతా కరెక్టే. కొనే ముందు నాదొక మాట. పోయింది మదర్‌బోర్డే కదా? అదే రకం బోర్డు ఉన్న ఇంకో పాత కంప్యూటర్‌కి ఈ డిస్క్ కాపీ తగిలిస్తే అదే ఎక్స్‌పీ లేస్తుంది. పాత పాస్‌వర్డ్‌తో లోపలికి వెళితే పాటలు వాటంతటవే తెరుచుకుంటాయి, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఎక్స్‌పీలో ఆ ఫైళ్ళ పేర్లు ఆకుపచ్చ రంగులో కనిపిస్తాయి. బోర్డు మీద ఇంటెల్ 845 అనో 865 అనో ఉంటుంది, చూడండి అమ్మా. మూతపడిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో అవి ఇంకా మూలన పడి ఉంటాయి.

రాత్రి షిఫ్ట్:

అన్నా, బోర్డు మారితే ఎక్స్‌పీ యాక్టివేషన్ (డబ్బులు కట్టి కొన్న కాపీయేనా అనే తనిఖీ) అడిగి లోపలికే రానివ్వకపోవచ్చు. బోర్డు మీది చిప్‌సెట్ వేరైతే నీలం తెర వచ్చి ఆగిపోవచ్చు. సాఫ్ట్‌వేర్ దారే సులువు.

సీటీసీ పాత మెకానిక్:

2004 అసెంబుల్డ్ సిస్టంలోని ఎక్స్‌పీ ప్రొఫెషనల్ ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలుసు కదా తమ్ముడూ. అది యాక్టివేషన్ అడిగే రకం అయి ఉండదు.

చీరాల కుర్రోడు:

మధ్యలో అడుగుతున్నందుకు సారీ. మా అన్న విండోస్ 11 ల్యాప్‌టాప్ సర్వీస్‌కి ఇచ్చి తెచ్చాక బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. మేమెప్పుడూ లాక్ పెట్టలేదు. దీనికి కూడా ఈ ట్రిక్ పని చేస్తుందా?

రాత్రి షిఫ్ట్:

చేయదు. అది డిస్క్ మొత్తానికి వేసిన తాళం, పైగా కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసినప్పుడు చాలాసార్లు దానంతటదే పడుతుంది. బోర్డు మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా కీ అడగొచ్చు. 48 అంకెల కీ ఉంటుంది. మీ అన్న ఆ ల్యాప్‌టాప్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్ నుంచి లాగిన్ అయి, డివైసెస్‌లో రికవరీ కీస్ చూడమను. అక్కడే దొరికే అవకాశం ఎక్కువ. కీ ఎక్కడా లేకపోతే మాత్రం డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. షాపులవాళ్ళు తీస్తామన్నా నమ్మకు.

పల్నాటి పంతులమ్మ:

హింట్ దొరికింది! ఇంగ్లీషు అక్షరాల్లో "కొండ, ఏడాది" అని ఉంది. రాసింది నేనే అయ్యుండాలి, మావాడికి అంత క్లుప్తత లేదు. మా వైపు కొండ అంటే కోటప్పకొండే. ఏడాది అంటే ఏ ఏడాదో తేల్చుకోవడానికి పాత ఫోటోల ఆల్బం తిరగేయాల్సి వచ్చింది. మిగతాది ఇక్కడ రాయను, హెచ్చరిక గుర్తుంది.

బోర్డు మీద 865 అని ఉంది. మా ఊళ్ళో ఒకప్పుడు డీసీఏ, పీజీడీసీఏ నేర్పిన ఇన్‌స్టిట్యూట్ యజమాని మా పాత విద్యార్థే. వాళ్ళ గోదాములో అలాంటివే వరసగా పేర్చి ఉన్నాయి. ఒకటి తుడిచి ఇచ్చాడు. మా బీటెక్ అమ్మాయి కాపీని ఇంకో ఐడీఈ డిస్క్ మీదకి దించి దానికి తగిలించింది. పచ్చటి మైదానం, నీలి ఆకాశం బొమ్మ తెర మీదకి వచ్చేసరికి ఆ అమ్మాయి "ఇది నేను మీమ్స్‌లో చూశాను ఆంటీ" అంది.

యాక్టివేషన్ అడగలేదు. మెకానిక్ గారు గెలిచారు. లోపలికి వెళితే పాటల ఫోల్డర్‌లో పేర్లన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. మొదటి ఫైల్ తెరుచుకుంది. అదొక నాట్ల పాట, కారంపూడి దగ్గర ఒక పెద్దావిడ పొలం గట్టు మీద కూర్చుని పాడింది. వాళ్ళ కోడలు మధ్యలో అడ్డుపడి "అట్టా కాదత్తా" అని ఇంకో పాఠాంతరం చెప్పింది. రెండూ పక్కపక్కన రాసుకున్నాను.

ఇప్పుడు వీటిని బయటికి తీసుకుంటే మళ్ళీ తాళం పడుతుందా?

రాత్రి షిఫ్ట్:

ఒప్పుకుంటున్నా అన్నా.

మేడమ్, పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32లో ఫార్మాట్ అయి ఉండాలి. దానికి ఈ రకం తాళం తెలియదు, కాబట్టి అందులోకి వెళ్ళిన ఫైల్ మామూలు ఫైల్ అయిపోతుంది. ఎన్‌క్రిప్షన్ పోతుంది, ఫర్వాలేదా అని అడిగితే అవుననండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ (ఈ తాళం తెలిసిన విండోస్ ఫార్మాట్) పెన్‌డ్రైవ్ అయితే తాళంతో సహా వెళ్ళిపోతుంది, జాగ్రత్త. కాపీ అయ్యాక వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్నాకే ఈ ఎక్స్‌పీని ఆపండి. ఇంకొకటి, దాన్ని ఇంటర్నెట్‌కి మాత్రం తగిలించకండి. 2014 ఏప్రిల్ 8 తర్వాత ఎక్స్‌పీకి మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి.

పల్నాటి పంతులమ్మ:

ఫ్యాట్ 32లోకి తీశాం. కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టి తెరిస్తే తెలుగు లేదు! అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, డాలర్లు, గీతలు, టోపీలు పెట్టుకున్న అక్షరాలు. ఇది మూడో తాళమా? ఎక్స్‌పీలో చక్కగా కనిపించాయే!

బెజవాడ డీటీపీ:

తాళం కాదండీ మేడమ్ గారూ, అను ఫాంట్. మా ప్రెస్‌లో రోజూ చూసేదే. ఆ రోజుల్లో మీరు అను స్క్రిప్ట్ మేనేజర్‌తో కొట్టి ఉంటారు. అందులో తెలుగు అక్షరం అని కంప్యూటర్‌కి తెలియదు. ఇంగ్లీషు అక్షరాల గడుల్లోనే తెలుగు ముక్కలు కూర్చిపెట్టారు: అక్షరం ఒక గడి, తలకట్టు ఒక గడి, ఒత్తు ఇంకో గడి. ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగు కనిపిస్తుంది, లేనిచోట ఈ గోల కనిపిస్తుంది. మీ పాట ఒక్క అక్షరం కూడా పోలేదు.

ముందు ఆ ఎక్స్‌పీలోంచి ఫాంట్స్ ఫోల్డర్ కూడా తీసిపెట్టుకోండి. తర్వాత అక్కడే ప్రతి ఫైల్‌నీ పీడీఎఫ్‌గా గానీ, కాగితం మీద ప్రింటుగా గానీ తీయండి. ఎందుకంటే యూనికోడ్‌లోకి, అంటే ఇప్పుడు అన్ని కంప్యూటర్లలోనూ తెలుగు కనిపించే పద్ధతిలోకి, మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి కానీ నూటికి నూరుపాళ్ళు మార్చవు. ఒత్తులు తారుమారవుతాయి, కొన్నిచోట్ల గుడి, గుడిదీర్ఘం కలిసిపోతాయి. మధ్యలో ఇంగ్లీషులో రాసిన ఊరి పేరో, తేదీయో ఉంటే దాన్ని కూడా తెలుగు చేసి పిచ్చి అక్షరాలు చేస్తుంది. మామూలు వ్యాసమైతే చదువుతూ ఊహించి దిద్దుకోవచ్చు. మీవి పల్లె పాటలు. "అట్టా", "యాడికి", "పొయ్యింది" లాంటివి చూసి దిద్దేవాళ్ళు తప్పనుకుని పుస్తక భాషలోకి దిద్దేస్తారు. పక్కన అసలు ప్రతి ప్రింటు ఉంటే ఆ గొడవ ఉండదు.

అను 6 అయితే ఒక పట్టిక, 7 అయితే వేరే పట్టిక. కన్వర్టర్‌లో సరైనది ఎంచుకోవాలి. ఎక్స్‌పీలో ఆ ప్రోగ్రామ్ తెరిస్తే పైనే వెర్షన్ రాసి ఉంటుంది. మీది ఏది?

పల్నాటి పంతులమ్మ:

ఆరు. అందులో ఆపిల్ అనే కీబోర్డు పద్ధతి. వేళ్ళకి ఇప్పటికీ గుర్తుంది.

ప్రింట్లు ఇన్‌స్టిట్యూట్‌లోనే తీస్తున్నాం, వాళ్ళ పాత డాట్ మ్యాట్రిక్స్ కూడా పని చేస్తోంది. దిద్దే పని ఎవరికీ ఇవ్వను, నేనే చేసుకుంటాను. ఒక దంపుళ్ళ పాట కన్వర్టర్‌లో వేసి చూశాను. "రోకలి" అన్నచోటల్లా బాగానే వచ్చింది, "వడ్లు" అన్నచోట ఒత్తు ఎగిరిపోయి తర్వాతి పదం మీద వాలింది. అన్ని ఫైళ్ళలోనూ ఇలాగే అయితే ఒకేసారి వెతికి మార్చే పద్ధతి ఏదైనా ఉందా, లేక ఒక్కొక్కటీ చేత్తో దిద్దుకోవాల్సిందేనా?

బెజవాడ డీటీపీ:

తప్పు ప్రతిసారీ ఒకేలా వస్తే వర్డ్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ చాలు మేడమ్ గారూ. రీప్లేస్ ఆల్ మాత్రం కొట్టకండి, ఒక్కొక్కటి చూస్తూ కొట్టండి. ముందు పెద్ద ఫైల్ ఒకటి తీసుకుని వచ్చిన తప్పులన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మిగతా ఫైళ్ళలో చాలావరకు అవే వస్తాయి.